క్వీర్ చరిత్ర ఉన్న చోట్లను నమోదు చేయడం ఎలా? హైదరాబాద్‌లో మొదలుపెట్టేవాళ్ళ కోసం

అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ ఎక్కితే ఎదురుగా మూసీ అవతల ఎర్రరాతి హైకోర్టు కనిపిస్తుంది. 1920లో ప్రారంభమైన భవనం. దానికి కాస్త ముందు, నిజాం రాజ్యంలో వాడిన ఫసలీ లెక్కలో 1329లో, అంటే 1919 ప్రాంతంలో, నిజాం ప్రభుత్వం నపుంసకుల చట్టం అని ఒకటి తెచ్చింది. హైదరాబాద్ నగరంలో పోలీసులకు అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, వాళ్ళు ఎక్కడ ఉంటారో ఆ వివరాలు ఒక రిజిస్టర్‌లో ఎక్కించాలన్నది అందులో ముఖ్యమైన సంగతి. రిజిస్టర్‌లో ఉన్న మనిషి ఆడవాళ్ళ బట్టలు కట్టుకునో, నగలు పెట్టుకునో వీధిలో కనిపిస్తే, లేదా నలుగురిలో పాడితే, ఆడితే వారెంట్ లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేళ్ళ దాకా జైలు. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలై 6న కొట్టేసింది. సరిగ్గా ఆ ఎర్రరాతి భవనంలోనే.

చార్మినార్ చూడ్డానికి ఆ దారినే వెళ్తాం. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

ఇలాంటి క్వీర్ చోట్లను, అంటే హిజ్రాలు, ట్రాన్స్ మనుషులు, గే, లెస్బియన్ వాళ్ళ చరిత్ర ఉన్న చోట్లను వెతికి, రాసి, పదిలపరచడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాను. కానీ మొదలుపెట్టే ముందు ఒకటి మనసులో పెట్టుకోండి. వీళ్ళ చిరునామాల పట్టిక రాయాలని ఒకప్పుడు ప్రభుత్వం అనుకుంది, వాళ్ళను పట్టుకోవడానికి. ఇప్పుడు మనం రాయబోయేదీ ఒక రకంగా చిరునామాల పట్టికే. అది రేపు ఎవరి చేతిలో పడినా మళ్ళీ ఆ రిజిస్టర్‌గా మారకూడదు. కింద చెప్పే ప్రతి పనీ ఈ ఒక్క షరతుకు లోబడే చేయాలి.

ముందు ఒక కిలోమీటరు చాలు

‘హైదరాబాద్ క్వీర్ చరిత్ర మొత్తం’ అని పెట్టుకుంటే మూడో వారానికి వాట్సాప్ గ్రూప్ చప్పబడిపోతుంది. ఒక ఆదివారం పొద్దున నడవగలిగినంత దూరం తీసుకోండి. నేనైతే అఫ్జల్‌గంజ్‌తో మొదలుపెట్టమంటాను. అక్కడ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది, పెద్దవాళ్ళు ఆసఫియా లైబ్రరీ అంటారు. మీకు కావలసిన పాత పత్రికలు చాలావరకు అక్కడే దొరుకుతాయి. అక్కడికి దగ్గర్లోనే ఉస్మానియా ఆసుపత్రి. 2022 చివర్లో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు ప్రభుత్వ మెడికల్ ఆఫీసర్లుగా చేరింది ఇక్కడే. వంతెన దాటితే హైకోర్టు. ఒక్క కిలోమీటరులో ఒక చట్టం పోయిన చోటు, ఇద్దరికి ఉద్యోగం వచ్చిన చోటు, వాటి గురించి చదువుకోగల చోటు వచ్చేశాయి.

ఈ రెండు భవనాల విషయంలో తొందర కూడా ఉంది. రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టుకు 2024 మార్చిలో, గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపనలు జరిగాయి. రేపు ఈ పాత కట్టడాలు నిలబడే ఉండొచ్చు, వాటిలోని పని మాత్రం వేరే చోటికి పోతుంది. పని పోయాక అక్కడ ఏం జరిగిందో చెప్పేవాళ్ళూ తగ్గిపోతారు.

కట్టడం నిలిచి కథ పోవడం ఎలా ఉంటుందో న్యూయార్క్ చూస్తే తెలుస్తుంది. గ్రీనిచ్ విలేజ్‌ను అక్కడి నగరపాలక సంస్థ 1969 ఏప్రిల్‌లో చారిత్రక ప్రాంతంగా ప్రకటించి, భవనాల మీద ఒక నివేదిక రాసుకుంది. సరిగ్గా రెండు నెలలకు, జూన్ 28 తెల్లవారుజామున, అదే ప్రాంతంలో క్రిస్టఫర్ స్ట్రీట్‌లోని స్టోన్‌వాల్ ఇన్ మీద పోలీసులు దాడి చేశారు, జనం తిరగబడ్డారు. అంటే గోడలకు రక్షణ ముందే వచ్చింది. కానీ ఆ కాగితంలో ఈ కథ లేదు, ఉండే వీలే లేదు. ఆ కథ కోసమే ఆ భవనాన్ని విడిగా నగర స్మారకంగా గుర్తించడానికి 2015 దాకా పట్టింది. 1994లో కొందరు గే, లెస్బియన్ ఆర్కిటెక్టులు, డిజైనర్లు కలిసి ఇలాంటి చోట్లతో ఒక మ్యాప్ అచ్చువేశారు. 2015లో ముగ్గురు కట్టడాల నిపుణులు ఆ పనిని పెద్ద ఎత్తున అందుకుని వందల చోట్లు నమోదు చేశారు. జెర్సీ సిటీలో ఉన్న తెలుగువాళ్ళకు ఆ ప్రాంతం పాత్ (PATH) రైల్లో దగ్గరే, క్రిస్టఫర్ స్ట్రీట్ పేరుతోనే స్టేషన్ ఉంది. దిగి నడిచి చూడండి. బార్లు మాత్రమే కాదు, రచయితలు అద్దెకున్న ఇళ్ళు, పుస్తకాల షాపు నడిచిన గది, చిన్న నాటకాల కెఫే ఉన్న వీధి కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

ఏది ‘చోటు’ అవుతుంది?

క్వీర్ చోటు అనగానే మనవాళ్ళు ప్రైడ్ వాక్, పబ్బు దగ్గర ఆగిపోతారు. హైదరాబాద్‌లో మొదటి ప్రైడ్ 2013 ఫిబ్రవరిలో జరిగింది. ఆ రూటు రాయాల్సిందే, కాకపోతే అది సులువైన భాగం. ఇంకాస్త వెనక్కి వెళ్ళండి. ఇంట్లోంచి గెంటేస్తే మొదటి రాత్రి పడుకున్న బస్టాండ్. హెచ్ఐవీ పరీక్షలకు పిలిచిన చిన్న ఆఫీసు గది, దాని బయట చెప్పులు విప్పే మెట్లు. మూడో ఆట తర్వాత ఖాళీ అయ్యే సినిమా హాలు. ఒక్క చాయ్‌తో రెండు గంటలు కూర్చోనిచ్చిన ఇరానీ హోటల్. అమ్మాయిల హాస్టల్లో మేడ మీది ట్యాంకు పక్కన జాగా. లెస్బియన్ల సంగతి బయట చోట్లలో తక్కువగా దొరుకుతుంది, గదుల్లోనే వెతకాలి. వెతకకపోతే మీ మ్యాప్ మొత్తం మగవాళ్ళ పార్కులతోనే నిండిపోతుంది.

గుడి, దర్గా, శ్మశానం మరిచిపోవద్దు. బోనాలకు ట్రాన్స్ మహిళలు బోనమెత్తే దారులు ఉన్నాయి. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త. శివసత్తి (అమ్మవారు పూనుతుందనే వ్యక్తి) అయిన ప్రతి మనిషినీ మీ పట్టికలో మీ పదంతో రాసేయకండి. ఆమె తనను ఏమంటే అదే రాయండి.

సమాజమే తన చోటును కాపాడుకున్న ఉదాహరణ కావాలంటే ఢిల్లీ మెహ్రౌలీలో హిజ్రాల ఖాన్‌కాహ్ ఉంది. లోదీల కాలంనాటి సమాధుల ఆవరణ. తుర్క్‌మాన్ గేట్ హిజ్రాలు దాన్ని చూసుకుంటున్నారు, సున్నం వేసి తెల్లగా పెట్టుకుంటున్నారు. నన్నడిగితే పురావస్తు శాఖ బోర్డు కంటే ఆ సున్నానికే విలువ ఎక్కువ.

ఒక్కో చోటుకు ఒక్కో కార్డు

పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. ఒక స్ప్రెడ్‌షీట్, లేదా మామూలు లాంగ్ నోట్‌బుక్ చాలు. ప్రతి చోటుకూ అవే ప్రశ్నలు వేసుకోండి. హైకోర్టు కార్డు ఇలా ఉంటుంది:

చోటు: తెలంగాణ హైకోర్టు, ఘాన్సీబజార్, మూసీ దక్షిణపు ఒడ్డు.
ఏం జరిగింది: ఫసలీ 1329 నాటి నపుంసకుల చట్టం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు. ట్రాన్స్ వ్యక్తులకు ఆసరా పింఛను ఇవ్వాలని కూడా అందులోనే చెప్పారు.
ఎప్పుడు: 2023 జూలై 6. వ్యాజ్యం వేసింది 2018లో.
ఎలా తెలుసు: తీర్పు ప్రతి, మరుసటి రోజు పత్రికలు.
మనిషి మాట: (ఖాళీ)
ఇప్పుడెలా ఉంది: కోర్టు నడుస్తోంది, కొత్త భవనానికి మారాల్సి ఉంది.
తాళం: ఆకుపచ్చ. (దీని సంగతి కింద చెబుతాను.)

‘మనిషి మాట’ ఖాళీగా ఉంది చూశారా, దాన్ని అలాగే వదిలేయండి. ఆ రోజు కోర్టు హాల్లో ఉన్నవాళ్ళో, టీవీలో వార్త చూసి గురువు కాళ్ళకు దండం పెట్టినవాళ్ళో ఎవరో ఒకరు దొరికేదాకా ఈ కార్డు పూర్తయినట్టు కాదు. ఊహతో మాత్రం నింపకండి. ‘ఎలా తెలుసు’ అనే గడిలో ‘అందరూ అంటారు’ అని రాయాల్సి వస్తే రాయండి, తప్పేం లేదు. ‘అందరూ అంటారు’ వేరు, ‘తీర్పులో ఉంది’ వేరు అని చదివేవాళ్ళకు తెలిస్తే చాలు.

కాగితాల్లో వెతకడం

తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. నిజాం కాలం కాగితాలు ఉర్దూ, పార్సీల్లో ఉంటాయి, చేతిరాత గొలుసుకట్టు. ఉర్దూ చదివే పెద్దమనిషి ఒకరు మీ జట్టులో లేకపోతే అక్కడ గడిపే రోజులు వృథా. తేదీలు ఫసలీలో కనిపిస్తాయి. 590 కలిపితే మామూలు సంవత్సరం వస్తుంది, కొన్ని నెలలు అటూఇటూ. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో కూడా పాత ఉర్దూ సేకరణ ఉంది. పాత వీధి ఎక్కడుందో తేలకపోతే 1912 తర్వాత లియొనార్డ్ మన్ తయారుచేసిన మునిసిపల్ సర్వే మ్యాపులు చూడండి. ఇప్పటి మ్యాప్‌ను పక్కన పెట్టుకుని చూస్తే ఏ గల్లీ ఏ రోడ్డు కిందికి పోయిందో తెలుస్తుంది.

తెలుగు పత్రికల దగ్గర మనసు కాస్త గట్టి చేసుకోవాలి. ఈనాటి మాటలతో వెతికితే ఏమీ దొరకదు. ‘ఎల్జీబీటీ’ అని ఎనభైల్లో మన పత్రికలు ఎందుకు రాస్తాయి? ‘కొజ్జా’, ‘నపుంసకుడు’, ‘ఆడంగి వేషం’, ‘అసహజ నేరం’, ‘సెక్షన్ 377’ (స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన సెక్షన్), ‘హిజ్రాల వీరంగం’ ఇలాంటి మాటలతోనే వెతకాలి. వార్త క్రైమ్ పేజీలో, పోలీసులు చెప్పిన కథగా దొరుకుతుంది. ‘వీరంగం’ అని పెట్టిన వార్తలోనే ఏ కూడలి, ఏ స్టేషన్, ఏ రోజు అన్నవి ఉంటాయి. ఆ మూడూ తీసుకోండి, తిట్టును తీసుకోకండి. పత్రిక ఎలా రాసిందో చూపించాలంటే కొటేషన్లలో పెట్టండి. మీ వాక్యంలో మాత్రం ఆ మాటలు వద్దు. నిందితుడిగా పేరు వచ్చిన మనిషి పేరును కార్డులోకి ఎక్కించనే వద్దు. ఆయన మనవరాలు ఇప్పుడు ఇదే ఊళ్ళో ఏదో బ్యాంకులో పనిచేస్తుండొచ్చు.

పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళడం

అసలు పని ఇదే. దీనికే ఎక్కువ టైమ్ పెట్టండి.

హిజ్రా ఇంటికి నేరుగా వెళ్ళి మైకు పెట్టకూడదు. ముందు గురువుతో, అంటే ఆ ఇంటి పెద్దతో మాట్లాడాలి. చేలా (శిష్యురాలు) మీకు ఎంత స్నేహితురాలైనా సరే, గురువుకు తెలియకుండా మాట్లాడిస్తే రేపు మాట పడేది ఆమె. మొదటిసారి ఉత్త చేతులతో వెళ్ళకండి, పళ్ళో మిఠాయో తీసుకెళ్ళండి. ఆ రోజు రికార్డింగ్ ఊసే ఎత్తకండి. వాళ్ళ ఒక పూట మీ కోసం పోతోంది, అంటే ఆ పూట సంపాదన పోతోంది. దానికి డబ్బు ఇవ్వడం లంచం కాదు, కూలి. మీ బడ్జెట్‌లో కెమెరా కంటే ముందు అది ఉండాలి.

ఆపరేషన్ గురించి, పుట్టినప్పటి పేరు గురించి అడగకండి. చోటు గురించి అడగండి. నాకు పని చేసిన ప్రశ్న ఒక్కటే: ‘అమ్మా, మీరు ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఎక్కడ దిగారు?’ సికింద్రాబాద్ వైపు ఒక పెద్దామెను ఇలాగే అడిగాను. ఆమె జవాబు చెప్పకుండా లేచి, ఫ్యాన్ ఆపి, గోడకున్న క్యాలెండర్ వెనక నుంచి ఒక ఫోటో తీసింది. స్టేషన్ ముందు ముగ్గురు. మధ్యలో ఆమె. వెనక ఒక సోడా బండి. ‘ఈ బండాయన మాకు రాత్రిళ్ళు సామాను దాచిపెట్టేటోడు బిడ్డా. బండి పోయింది, ఆయనా పోయిండు. నువ్వు ఏమన్నా రాస్తే ఆ బండి రాయి’ అంది. నేను అంతకు ముందు తయారుచేసుకున్న పద్నాలుగు ప్రశ్నల్లో ఎక్కడా సోడా బండి లేదు.

‘ఏ సంవత్సరం?’ అంటే ఎవరూ చెప్పలేరు. వేరే విధంగా అడగండి. రామారావు ముఖ్యమంత్రి అయ్యాడా అప్పటికి? వినాయకుడు పాలు తాగాడని జనం ఎగబడ్డ రోజులకు ముందా, తర్వాతా? లుంబినీ పార్కులో బాంబు పేలినప్పుడు ఎక్కడున్నారు? 1983, 1995, 2007 అలా దొరికిపోతాయి. ఇద్దరు ముగ్గురిని వేరు వేరుగా అడిగితే ఏడాది రెండేళ్ళ తేడాలో తేలుతుంది.

అనుమతి తెలుగులో, మాటగానే తీసుకోండి. ఇంగ్లిష్ ఫారం మీద వేలిముద్ర వేయిస్తే అది మీ టెన్షన్ తగ్గడానికే తప్ప ఆమెకు ఉపయోగం లేదు. రికార్డింగ్ మొదట్లో ఆమెనే చెప్పమనండి: ఏ పేరు వాడాలి, గొంతు వినిపించవచ్చా, ఫోటో చూపించవచ్చా, ఆమె పోయాక ఏం చేయాలి. ఆఖరి ప్రశ్న అడగడానికి మొహమాటంగా ఉంటుంది. అయినా అడగండి. వారం తర్వాత మళ్ళీ ఫోన్ చేసి, ‘అమ్మా, ఏదైనా తీసేయాలా?’ అని ఇంకోసారి అడగండి. మాట్లాడిన రోజు కంటే ఆ వారంలోనే చాలామంది మనసు మార్చుకుంటారు.

మూడు తాళాలు

కార్డు చివర తాళం అని రాశాను కదా. ఆకుపచ్చ అంటే అందరికీ చూపించవచ్చు: కోర్టు, ఆసుపత్రి, ప్రైడ్ రూటు, మూతపడి పదేళ్ళయిన ఆఫీసు. పసుపు అంటే కథ చెప్పవచ్చు, ఖచ్చితమైన చోటు చెప్పకూడదు. ‘సికింద్రాబాద్‌లో ఒక సినిమా హాలు’ అంటే చాలు. ఎరుపు అంటే బయటికి రాకూడదు. ఇప్పటికీ మనుషులు కలుసుకుంటున్న పార్కు, ఇప్పటికీ ఎవరో ఉంటున్న ఇల్లు ఇవన్నీ ఎరుపే, ఎంత గొప్ప కథ ఉన్నా సరే.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. మొదట్లో ఉత్సాహం కొద్దీ ఒక చోటును పబ్లిక్ మ్యాప్‌లో గుర్తుపెట్టి లింకు పదిమందికి పంపాను. రెండో రోజు రాత్రి ఫోన్ వచ్చింది: ‘అన్నా, నువ్వు పెట్టిన పిన్ను మా ఓనర్ చూస్తే ఇల్లు ఖాళీ చేయమంటాడు.’ వెంటనే తీసేశాను. ఈలోగా ఎంతమంది స్క్రీన్‌షాట్ తీశారో ఎలా తెలుస్తుంది? అప్పటి నుంచి కొత్త కార్డు ఏదైనా ముందు ఎరుపులోనే పడుతుంది. ఆ చోటుతో సంబంధం ఉన్నవాళ్ళు ఇద్దరు సరేనన్నాకే రంగు మారుతుంది.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 కోరలు పీకింది కాబట్టి ఇంక భయమెందుకు అంటారు కొందరు. ఓనర్లకు, అన్నదమ్ములకు ఆ తీర్పు ఇంకా అందలేదు.

ఫోన్‌తో పని

ఫోటో తీసేముందు కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి. ఎరుపు చోట్లకు వెళ్ళేటప్పుడు ఫోన్‌లో లొకేషన్ హిస్టరీ కూడా. ఇల్లు ఫోటో తీస్తే బండి నంబర్లు, ఆరేసిన బట్టలు, కిటికీలో మొహాలు ఉన్నాయేమో చూసుకోండి. కోర్టు ఫోటో వంతెన మీద నుంచి తీసుకోండి, గేటు దగ్గర సెక్యూరిటీతో వాదన ఎందుకు.

గొంతు రికార్డ్ చేసేటప్పుడు ఫోన్‌ను బోర్లించిన గిన్నె మీద కాకుండా మడతపెట్టిన టవల్ మీద పెట్టండి, ఫ్యాన్ ఆపమని అడగండి. ఫైలు వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే ఫోటోలు నలిగిపోతాయి. ఎరుపు ఫైళ్ళు అసలు వాట్సాప్ ఎక్కకూడదు. ఫైలు పేరులో తేదీ, కార్డు నంబరు ఉంటే చాలు, మనిషి పేరు వద్దు. పేర్లు, నంబర్లు కలిపే పట్టిక విడిగా, పాస్‌వర్డ్ పెట్టి, ఇద్దరి దగ్గరే ఉండాలి. మొత్తం మూడు కాపీలు: ఒకటి మీ దగ్గర, ఒకటి జట్టులో ఇంకొకరి ఇంట్లో హార్డ్ డిస్క్‌లో, ఒకటి ఊరు బయట.

ఊరు బయట అంటే బెంగళూరులో నేషనల్ లా స్కూల్‌లో ఉన్న ఖమ్రా లాంటి క్వీర్ ఆర్కైవ్ ఒక దారి. ఇచ్చేముందు మీ తాళాలు వాళ్ళు ఒప్పుకుంటారా అని రాతపూర్వకంగా తేల్చుకోండి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వచ్చేసింది కదా అని మీ కాపీ తీసేయకండి. స్టోన్‌వాల్ 2016 నుంచి అమెరికా జాతీయ స్మారకం. అయినా 2025 ఫిబ్రవరిలో దాని అధికారిక పేజీల్లోంచి ట్రాన్స్‌జెండర్ అనే మాటే తీసేశారు. అక్కడ తిరగబడినవాళ్ళలో ట్రాన్స్ మనుషులు ఉన్నారని తెలిసి కూడా.

బయటపెట్టడం

ఆకుపచ్చ కార్డులు పదిహేను అయ్యాక బయటపెట్టండి, అంతకంటే ముందు వద్దు. తెలుగు వికీపీడియాలో ఉన్న భవనాల వ్యాసాల్లో, ఆధారం చూపిస్తూ, రెండు వాక్యాలు చేర్చడం అన్నిటికంటే చవకైన పని. 2017 తెలంగాణ వారసత్వ చట్టం కింద ఏదైనా భవనం గుర్తింపు కోసం అర్జీ పెట్టేవాళ్ళు ఉంటే, వాళ్ళ కాగితాల్లో మీ కథ కూడా ఒక పేరాగా వెళ్ళేలా చూడండి. శిలాఫలకం గురించి ఇప్పుడే ఆశ పెట్టుకోకండి.

బోర్డు లేకపోయినా చోటు గుర్తుండడం మన ఊరికి కొత్త కాదు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 మూసీ వరదలో దాని కొమ్మలు పట్టుకుని నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. ఏటా సెప్టెంబర్ 28న కొందరు అక్కడ చేరి ఆ వరదను తలచుకుంటారు. మనకూ ఒక తేదీ ఉంది, జూలై 6. లైబ్రరీ దగ్గర పొద్దున ఏడింటికి కలవండి, చింతచెట్టు మీదుగా వంతెన దాకా నడవండి, ఒక్కో చోట ఒక్కరు ఒక కార్డు చదవాలి. సోడా బండి లాంటి పసుపు కార్డులు కూడా చదవవచ్చు, చోటు పేరు లేకుండా. ఇరవై మందికి మించితే రెండు జట్లు చేయండి. ఫోటోలు వద్దు అనుకున్నవాళ్ళకు చేతికి ఏదైనా రంగు దారం కట్టండి, కెమెరా ఉన్నవాళ్ళకు ఆ సంగతి ముందే చెప్పండి. అది వానాకాలం, గొడుగు తెచ్చుకోమని మెసేజ్‌లో రాయడం మరిచిపోవద్దు.